పోటు గారికి నమస్కారాలు

నేను సముద్రానికి ఒకే ఒక్కసారి ఉత్తరం రాశాను. రాస్తున్నది సముద్రానికని అప్పుడు నాకు తెలియదు. తెలియకపోవడం వల్ల ఎంత అనర్థం జరిగిందో, మా అక్క సైకిలు ఎలా మాయమైందో, ఒక పాలెం పాలెమంతా నన్ను చూసి ఎలా నవ్విందో ఇప్పుడు చెబుతాను. మీరు కూడా నవ్వుకోవచ్చు. నేను అలవాటు పడ్డాను.

ముందు ఆ సైకిలు సంగతి చెప్పాలి. అది నాది కాదు. నాదైతే ఈ కథకు ఇంత కంగారు ఉండేది కాదు. మా అక్క సుజాత తిరువూరు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆదివారాలు తెల్లవారకముందే గేర్ల సైకిలెక్కి రెడ్డిగూడెం మామిడితోటల దాకా వెళ్ళి, ఎండ ముదిరేలోగా తిరిగొచ్చే మనిషి. మా వీధిలో కొన్నాళ్ళు చెవులు కొరుక్కున్నారు, తర్వాత వాళ్ళ పిల్లల్ని అక్క దగ్గరికే పంపి సైకిలు నేర్పించమన్నారు. ఆ సైకిలు మీద సముద్రం దాకా వెళ్ళాలని అక్క కల. ఆ ఏప్రిల్లో వెళ్దామనుకుంటే టెన్త్ పేపర్లు దిద్దే డ్యూటీ మెడకు చుట్టుకుంది.

"నువ్వెళ్ళరా. నా బదులు నువ్వు చూసిరా" అంది.

"నీ సైకిలిస్తావా?" అన్నాను నమ్మలేక.

"ఇస్తాను. ఒకే ఒక్క షరతు. ఉప్పునీళ్ళు ఇనుముకి విషం. చైనుకీ గేర్లకీ తగిలాయా, వారంలో తుప్పు. వచ్చే ఆదివారం మా సైకిలు వాళ్ళందరం విజయవాడ నుంచి వంద కిలోమీటర్లు తొక్కుతున్నాం. ఏడాదిగా దానికోసమే ఎదురుచూస్తున్నాను. నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళనని ప్రమాణం చెయ్యి."

చేశాను. అప్పట్లో నాకు ప్రమాణాలు చెయ్యడమంటే ఆవలించడంతో సమానం.

ఇక నా సంగతి. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాకు బస్టాండు దగ్గర విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. కౌంటరు వెనక పెరిగినవాణ్ణి కాబట్టి నోటితో ఎవరినైనా లొంగదీయగలనని నాకో గట్టి నమ్మకం. పత్తి మొలకెత్తలేదని పెనుగొలను నుంచి ముల్లుకర్రతో సహా వచ్చిన రైతుని కూర్చోబెట్టి, మజ్జిగ తాగించి, వాళ్ళమ్మాయి చదువు గురించి అడిగి నవ్వుతూ పంపించిన చరిత్ర నాది. పైగా తెలుగు వ్యాసరచనలో జిల్లా స్థాయిలో మొదటి బహుమతి వచ్చింది. ఆ వ్యాసం దేనిమీదో ఇప్పుడే చెప్పను. చెబితే నా పరువు మొదటి పేజీలోనే పోతుంది.

రెండు రోజులు మెల్లగా తొక్కుకుంటూ, మైలవరం మీదుగా విజయవాడ, అక్కడినుంచి బందరు చేరాను. మూడో రోజు పొద్దున్నే ఇడ్లీ తిని, తొందరేమీ లేకుండా సముద్రం వైపు బయల్దేరాను. ఒంటరిగా సైకిలు మీద వెళ్ళడంలో ఉన్న సుఖం మీకు చెప్పాలి. ఆగాలనిపిస్తే ఆగొచ్చు, "ఎందుకాగావ్?" అనేవాళ్ళు లేరు. రొయ్యల చెరువుల దగ్గర ఆగాను. ఉప్పుమళ్ళ దగ్గర ఆగి, తెల్లగా పోసిన కుప్పలను చూసి, మా ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడినుంచి నిండుతోందో ఇన్నాళ్ళూ ఆలోచించనందుకు సిగ్గుపడ్డాను. సరుగుడు తోటలో ఆగి ఊరికే నిలబడ్డాను. ఆ చెట్లలో గాలి చేసే చప్పుడు వింటూ ఎంతసేపైనా ఉండొచ్చు.

తోట దాటగానే సముద్రం.

నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. మాది సాగరు ఎడమ కాలువ చిట్టచివరి భూములున్న ప్రాంతం. ఒక్క తడి నీళ్ళ కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఊళ్ళు మావి. అలాంటివాడికి అన్ని నీళ్ళు ఒకేచోట, కాపలా లేకుండా, వంతులు లేకుండా కనబడితే ఏమవుతుంది? కళ్ళు చెమర్చాయి. ఇంత అందమైనది ఇంత దగ్గరలో పెట్టుకుని ఇరవై మూడేళ్ళు పురుగుమందుల డబ్బాలు తుడిచానా అనిపించింది. కాసేపటికి మాత్రం కొట్టులోని బుద్ధి మేల్కొంది: ఇన్ని నీళ్ళుండి ఒక్క ఎకరం పారదు కదా!

మధ్యాహ్నం రెండయింది. సముద్రం బాగా లోపలికి ఉంది. పొడి ఇసుకలో సైకిలు చక్రాలు దిగిపోతుంటే, కిందకి వెళ్ళి చూశాను. అక్కడ ఇసుక సిమెంటు నేలలాగా గట్టిగా, నున్నగా ఉంది. ఇంత మంచి నేల ఎవరు చదును చేశారా అని కూడా ఆలోచించలేదు. అక్కకిచ్చిన మాట గుర్తుంది కాబట్టి నీళ్ళ నుంచి అడుగులు లెక్కపెట్టాను. సరిగ్గా నూరు అడుగుల దూరంలో స్టాండు వేశాను. నూరు అడుగులు! ప్రమాణం నిలబెట్టుకున్న తమ్ముడిగా ఫోటో కూడా తీసుకున్నాను.

దారిలో కొన్న తాటిముంజలు తింటూ కూర్చుంటే, నెత్తిన చేపల బుట్టతో ఒకావిడ అటుగా వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చీర మోకాళ్ళపైకి దోపి, గాలికి ఎదురుగా అంత బుట్ట మోస్తూ, చేతులు పట్టుకోకుండా నడుస్తోంది. నేను చేతులు రెండూ పట్టుకుని కూడా సైకిలు అంత నిటారుగా నడపలేను. తర్వాత తెలిసింది, ఆవిడ పేరు నాంచారమ్మ.

"బాబూ, సైకిలు ఆడ పెట్టావేంటి? తీసెయ్యి. పోటొచ్చుద్ది" అంది.

"ఎవరండి?"

"పోటు! పోటొచ్చుద్ది!" గాలిలో గట్టిగా అరిచింది.

ఇక్కడ మన భాష గురించి ఒక్క మాట. 'వస్తాడు' అంటే వచ్చేది మగవాడని తెలిసిపోతుంది. 'వస్తుంది' అంటే మాత్రం వచ్చేది అత్తగారో, ఆవో, బస్సో, జ్వరమో ఎవరూ చెప్పలేరు. మా మెట్టప్రాంతంలో పోటంటే తలపోటు, కడుపుపోటు, కత్తిపోటు. మొండిగా ఎదురుతిరిగేవాడు పోటుగాడు. కాబట్టి నా బుర్ర క్షణంలో లెక్క తేల్చేసింది. పోటుగాడికి ఆడరూపం పోటు. ఈ ఒడ్డున పెత్తనం చేసే గట్టి ఆడమనిషి ఎవరో వస్తుందన్నమాట. గుళ్ళ దగ్గరా తిరునాళ్ళలోనూ బళ్ళు తీయించే మనుషులుంటారు కదా, అలాంటి మనిషి.

"ఎన్నింటికొస్తుందండి?" అన్నాను.

"పొద్దు వాలేపాటికి ఈడిదాకా వచ్చేసుద్ది. ఇయ్యాల పున్నమి. మామూలుగా రాదు."

పున్నమికి కోపం పెరిగే మనుషులు మా చుట్టాల్లోనూ ఉన్నారు కాబట్టి నాకేమీ వింతనిపించలేదు.

"రోజూ వస్తుందా?"

"రోజుకి రెండుసార్లు. మా తాతలనాటి నుంచీ అంతేగా."

తాతలనాటి నుంచి! అయితే పెద్దావిడే. ఈ వయసులో రోజుకి రెండుసార్లు ఇంత ఎండలో తిరుగుతోందంటే నాకు ఆవిడ మీద గౌరవం పుట్టింది.

"వస్తే ఏం చేస్తుందండి?"

"ఏం చేసుద్దేంటి? అడ్డమున్నదల్లా లాక్కెళ్ళిపోద్ది. పోయినేడు మా ఆయన వల పట్టుకుపోయింది. మళ్ళీ కంటికి కనపడితే ఒట్టు."

"మరి మీరెవరూ అడగరా?"

"ఎవర్ని?"

"పోటుని."

నాంచారమ్మ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "పోటుని అడిగేదేంటి బాబూ?"

"నెమ్మదిగా చెబితే వినదా?"

"పోటుకి చెవులుంటాయా బాబూ?" అని పకపకా నవ్వింది.

"అయ్యో పాపం" అన్నాను. నిజంగానే అన్నాను. పెద్దావిడ, పైగా చెవుడు. ఊరంతా ఆవిణ్ణి ఆడిపోసుకోవడమే తప్ప ఒక్కరైనా కూర్చోబెట్టి మంచిగా మాట్లాడారా? మా కొట్టుకొస్తే నేను చేసే మొదటి పని మజ్జిగ ఇవ్వడం.

"మీరేం కంగారుపడకండమ్మా. రానివ్వండి, నేను మాట్లాడతాను."

"పోటుతోనా?"

"ఆవిడతోనే."

"నీ ఇష్టం బాబూ" అంటూ నాంచారమ్మ నడిచింది. ఇరవై అడుగులు వెళ్ళి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను చెయ్యి ఊపి ధైర్యం చెప్పాను.

ఇప్పుడు సమస్య ఏమిటంటే, చెవులు వినబడని మనిషితో ఎలా మాట్లాడటం? వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చినవాడికి అదో సమస్యా? పుల్ల తీసుకుని, సైకిలు ముందు ఆ గట్టి ఇసుకలో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను.

'పోటు గారికి నమస్కారాలు. ఈ సైకిలు మా అక్కది. దయచేసి తీసుకెళ్ళవద్దు. నేను పైన పడవ నీడలో ఉన్నాను. లేపండి, కూర్చుని మాట్లాడుకుందాం. ముంజలు మీకే. ఇట్లు, గోపి, తిరువూరు.'

అక్షరాలు ఎంత ముచ్చటగా వచ్చాయంటే, అంత మంచి పలక మా బళ్ళో కూడా లేదు. ఉత్తరం పక్కన తాటాకు పరిచి, దానిమీద మూడు ముంజలు పెట్టాను. తర్వాత పైకి వెళ్ళి, ఒడ్డుకు లాగిపెట్టిన పడవ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాను. గాలి జోకొట్టింది. అంత హాయైన నిద్ర నేను మళ్ళీ ఎరగను.

లేచేసరికి ఎండ పసుపురంగులోకి తిరిగింది. లేచి కూర్చుని చూశాను. సైకిలు లేదు.

ఉత్తరం లేదు. ముంజలు లేవు. తాటాకు కూడా లేదు. సముద్రం కాస్త దగ్గరికి జరిగినట్టు అనిపించింది కానీ నిద్రమత్తు అనుకున్నాను. మీరు నవ్వకండి. మా ఊళ్ళో చెరువుగట్టు మీద పడుకుని లేస్తే చెరువు దగ్గరికి జరగదు. తూము ఎత్తితే తప్ప నీళ్ళు పెట్టినచోటే ఉంటాయి. నీళ్ళకి కాళ్ళుంటాయని ఎవరైనా చెప్పారా నాకు?

చెప్పారు. నాంచారమ్మ చెప్పింది. నాకు అర్థం కాలేదు.

మనసులో పోటుగారి ముఖం లేదు, అక్క ముఖమే ఉంది. ఏడాదిగా ఎదురుచూసిన ఆదివారం. తాను చూడాల్సిన సముద్రాన్ని నన్ను చూసి రమ్మని పంపిన మనిషి. వట్టిచేతులతో వెళ్ళి అక్క ముందు ఎలా నిలబడాలి? చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డునున్న జాలర్ల పాలెం వైపు పరుగెత్తాను.

మొదటి ఇంటి ముందు ఒక ముసలాయన వల కుట్టుకుంటున్నాడు.

"తాతా! పోటు వచ్చిందా?" అన్నాను రొప్పుతూ.

"వచ్చిందిగా" అన్నాడు తలెత్తకుండా.

"ఎటెళ్ళింది?"

"ఎటెళ్ళుద్ది? ఇంకా ఈడే ఉంది."

"ఎక్కడ?"

వలసూదితో సముద్రం వైపు చూపించాడు. అక్కడ నలుగురు ఆడవాళ్ళు బుట్టలు కడుగుతున్నారు.

"ఆ నలుగురిలో ఎవరు?"

"ఏంటెవరు?"

"పోటు తాతా! ఇల్లెక్కడో చెప్పు. నేను ఇంటికెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను. ఉత్తరం రాసిపెట్టినా తీసుకెళ్ళిపోయింది!"

ముసలాయన సూది కింద పెట్టాడు. నన్ను తేరిపార చూసి, ఇంటి వెనక్కి తిరిగి గొంతెత్తి పిలిచాడు. "నాంచారీ! మీ పోటు చుట్టం వచ్చాడే!"

అంటే అప్పటికే పాలెమంతా తెలుసన్నమాట. ఇళ్ళలోంచి తలలు బయటికొచ్చాయి. నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నవాళ్ళు కొందరు, అదీ లేనివాళ్ళు కొందరు. నాంచారమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం బాబూ, మాట్లాడావా?"

"లేదమ్మా, నిద్రపట్టేసింది. ఆవిడ సైకిలు తీసుకెళ్ళిపోయింది. ఉత్తరం చదవలేదా ఆవిడ?"

"ఎందుకు చదవలేదు? చదివింది. ఒక్క అక్షరం మిగల్చకుండా చదివింది."

"మరి ముంజలు?"

"తినేసింది. ఆకు కూడా వదల్లేదు."

పాలెం గొల్లుమంది. ముసలాయన వలలో ముఖం దాచుకున్నాడు. నా కళ్ళలో నీళ్ళు చూసిందేమో, నాంచారమ్మ నవ్వు ఆపేసింది. "రా బాబూ" అని చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది.

అక్కడ, కొబ్బరిచెట్టుకి ఆనించి, మా అక్క సైకిలు! తడితడిగా మెరుస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ తడి చూడగానే అక్క చెప్పిన తుప్పు గుర్తొచ్చింది.

"నేనొచ్చేపాటికి చక్రాలు ములిగినయ్" అంది. "నిన్ను మూడుసార్లు లేపాను. 'అయిదు నిమిషాలక్కా' అని అటు తిరిగి పడుకున్నావు. నీళ్ళల్లో నీ రాత సగం పోయింది. మిగతాది చదివాను. నేను ఏడో తరగతి చదివాను బాబూ. అక్కది అని రాశావుగా. నీదైతే ఇంకో నాలుగు మాట్లు లేపేదాన్ని. అక్కదని రాశావు కాబట్టి ముందు సైకిలు లాగాను."

"గొలుసుకి కూడా ఉప్పునీళ్ళు తగిలాయా?" అన్నాను వంగి చూస్తూ.

"తగిల్తే ఊరుకుంటానా? మా మోటారు పడవల ఇంజన్లు చూడట్లా? రెండు బిందెల మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, గొలుసుకి నూనె రాశాను."

ఇంటి మూల వరసగా బిందెలున్నాయి. రెండు బోర్లించి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. దారిలో ఇంకో పాలెం దగ్గర నీళ్ళ ట్యాంకరు కనబడింది, వెనక ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. ఈ పాలెంలోనూ బావి తవ్వితే ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు రెండు రోజులకొకసారి ట్యాంకరులో వస్తాయి. ఒక్క తడి కోసం పోట్లాడుకునే ఊరినుంచి వచ్చిన నాకు ఆ రెండు బిందెల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరో తిక్కవాడి అక్క కోసం, ముఖం కూడా చూడని మనిషి కోసం, నాంచారమ్మ తన తాగునీళ్ళు పోసింది. సముద్రాన్ని చూసినప్పుడు ఎంత ఆశ్చర్యపడ్డానో, ఆ బోర్లించిన బిందెల్ని చూసి అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపడ్డాను. దండం పెట్టాను. "చాల్లే" అని నా చెయ్యి దించేసింది.

"ఇంతకీ పోటంటే ఎవరనుకున్నావు బాబూ?"

చెప్పాను. బళ్ళు తీయించడం దగ్గర్నుంచి చెవుడు దాకా అంతా చెప్పాను. నాంచారమ్మ కొబ్బరిచెట్టు పట్టుకుని కూలబడింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, వేలితో సముద్రాన్ని చూపించింది.

"నీళ్ళు ఎనక్కి పోతే ఆటు. ముందుకొస్తే పోటు. ఇదే పోటు. చూడు, ఎంత అందంగా ఉందో."

చూశాను. నేను నూరు అడుగులు లెక్కపెట్టిన చోటు ఎక్కడో లోపల ఉంది. నేను పడుకున్న పడవకి నాలుగు బారల దాకా నురుగు వచ్చి, నన్ను వెతుక్కుంటున్నట్టు తడిమి వెళ్తోంది. నిజంగానే అందంగా ఉంది. ఎవరూ తూము ఎత్తకుండా, ఎవరి పెత్తనమూ లేకుండా, అన్ని నీళ్ళు చెప్పిన వేళకి లేచి నడిచిరావడం చూస్తే ఎవరికైనా దండం పెట్టాలనిపిస్తుంది.

ఆటు. పోటు. రెండూ పక్కపక్కన వినబడేసరికి నా చెవుల్లో ఏదో పగిలింది. జిల్లా స్థాయిలో మొదటి బహుమతి వచ్చిన నా వ్యాసం పేరు ఇప్పుడు చెప్పేస్తాను. 'జీవితంలో ఆటుపోట్లు'. అందులో 'ఆటుపోట్లను చూసి బెదరక, వాటి ఎదుట నిలబడాలి' అని నేనే రాశాను. పదకొండుసార్లు ఆ మాట వాడాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా విషయంలో ఉన్న మతికి బహుమతి కూడా ఇచ్చారు.

రాత్రికి నాంచారమ్మ ఇంట్లోనే అన్నం తిన్నాను. మరునాడు పొద్దున్నే ట్యాంకరు వస్తే రెండు బిందెలూ పట్టుకుని వరసలో నిలబడ్డాను. ఆడవాళ్ళందరూ "పోటు చుట్టానికి దారివ్వండే" అని నన్ను ముందుకు తోశారు. బిందె భుజాన పెట్టుకుని నాలుగడుగులు వేసేసరికి సగం నీళ్ళు నామీదే పోసుకున్నాను. చేతులు పట్టకుండా బుట్ట మోసే నాంచారమ్మ గుమ్మంలో నిలబడి, సగమైన బిందె వైపు వేలు చూపించింది. మళ్ళీ వెళ్ళి మరో బిందె పట్టాను.

తిరువూరు చేరి సైకిలు అప్పగించాను. అక్క గొలుసు మీద వేలు రాసి వాసన చూసింది.

"కొబ్బరినూనె! ఎవరు రాశారు దీనికి?"

నేను దాచాలనే అనుకున్నాను. కానీ నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మినవాణ్ణి కదా, నోరు ఆగలేదు. మొత్తం చెప్పాను. అక్క నవ్వలేదు. రెండు బిందెల దగ్గర ఆగిపోయింది. "నేను వెళ్ళి ఆవిణ్ణి చూడాలిరా" అంది. ఆ ఆదివారం వంద కిలోమీటర్లూ తొక్కింది. గేర్లు చప్పుడు కూడా చెయ్యలేదట.

మరుసటి వేసవిలో అదే సైకిలు మీద సముద్రానికి వెళ్ళింది. సాయంత్రం నా ఫోనుకి ఒక ఫోటో వచ్చింది. గట్టి ఇసుక మీద పెద్ద పెద్ద అక్షరాలు. 'పోటు గారికి నమస్కారాలు. మా తమ్ముడు మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు.' మొదటి పంక్తి అప్పటికే సగం చెరిగిపోయి ఉంది. ఫోటోలో ఒక మూల మా అక్క, పక్కన నాంచారమ్మ, ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. సైకిలు మాత్రం ఎక్కడో పైన, సరుగుడు చెట్టుకి కట్టేసి ఉంది. వెంటనే ఫోను మోగింది. నాంచారమ్మ గొంతు.

"బాబూ, పోటొచ్చింది. నీ ముంజలేవని అడుగుతోంది."

అందుచేత, పాఠకుల సాక్షిగా, తూర్పుముఖంగా నిలబడి, మూడు ముంజల మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో 'వస్తుంది' అని ఎవరైనా అంటే, వచ్చేది అత్తగారో, బస్సో, సముద్రమో కనుక్కోకుండా 'రానివ్వండి, నేను మాట్లాడతాను' అనను. ఒకవేళ ఉత్తరమే రాయాల్సివస్తే, నూరు అడుగులు కాదు, తిరువూరులోనే కూర్చుని రాస్తాను.